సూరాడ సింహాచలం, తండ్రి అప్పన్న

10 జూన్ 1968, సోమవారం

టెలిఫోన్ బోర్డు మీద ఉన్నాను. పార్వతీపురానికి ట్రంకు కాల్ కలుపుతుంటే సూపర్‌వైజర్ గారు వచ్చి నా కుర్చీ పక్కన నిలబడ్డారు. కలపడం అయ్యాక హెడ్‌సెట్ తియ్యమన్నారు. కవరు చేతిలో పెట్టారు.

ఇంగ్లీషులో రెండే వాక్యాలు. నీ సేవలు ఇక అవసరం లేదు. నేటి నుంచి నెల రోజులకు నీ ఉద్యోగం ముగుస్తుంది.

కారణం రాయలేదు. వెనక్కి తిప్పి చూశాను. వెనకేమీ లేదు.

"నన్నడక్కు సింహాచలం. పైనుంచి వచ్చింది" అన్నారు ఆవిడ. నా మొహం చూడకుండా అన్నారు.

మళ్లీ హెడ్‌సెట్ పెట్టుకుని షిఫ్టు పూర్తి చేశాను. చేతులు వాటంతట అవే పని చేశాయి. ఒక్క తప్పు నంబరు కూడా కలపలేదు. టెలిఫోన్ ఆపరేటరుగా చేరి ఎనిమిది నెలలు. నా తరవాత చేరిన ఇద్దరు ఉన్నారు. వాళ్లకి కవర్లు రాలేదు.

11 జూన్

ఎవరికీ చెప్పలేదు. నాతో ఒకే ఆఫీసులో, ఒకే గదిలో ఉంటున్న కమలకి కూడా.

14 జూన్, శుక్రవారం

కమలకి తెలిసిపోయింది. ఆఫీసులో అందరికీ తెలిసిందట, నేనే దాస్తున్నాననుకుంటున్నాను. గుమాస్తాల గదిలో అనుకుంటుంటే విన్నదట - పోలీసు రిపోర్టు బాగా రాలేదని.

పోలీసు రిపోర్టు.

చేరినప్పుడు ఒక ఫారం నింపాను. పేరు, తండ్రి పేరు, ఊరు, ఎక్కడెక్కడ చదివావు, ఎప్పుడైనా శిక్ష పడిందా. ఆ చివరి దాని ఎదురుగా "లేదు" అని రాశాను. అది మా ఠాణాకి వెళ్లి వస్తుందన్నారు. అందరిదీ వెళ్తుంది, అందరిదీ వస్తుంది.

నేను ఠాణా గుమ్మం ఎప్పుడూ ఎక్కలేదు.

"గుర్తు తెచ్చుకో, ఏదైనా గొడవ... హాస్టల్లో..." అంటోంది కమల. నా మంచికే అడుగుతోంది. కానీ ఆ అడగడంలో ఏదో ఉంది. మూడేళ్ల స్నేహం. అయినా ఉంది.

16 జూన్, ఆదివారం

భోగాపురం దాకా బస్సు, అక్కణ్ణుంచి మా పల్లెకి నడక. అమ్మ నెత్తళ్ల చేపలు ఎండబెడుతోంది. చెప్పాను.

"నువ్వేటి సేసినావే?" అంది అమ్మ.

అందరూ అదే అడుగుతారు. అమ్మ కూడా అదే అడిగింది. తరవాత నన్ను చూసి ఇసకలోనే కూలబడింది. "నాను అలగ అననేదే గుంటా... బయ్యానికి వొచ్చీసింది మాట" అంది.

నాన్న వల బాగుచేస్తూ విన్నాడు. తీరం మీద నాన్న మాట అంటే మాటే, పదిమంది వింటారు. కాగితాల దగ్గరికి వచ్చేసరికి నాన్న నా కన్నా చిన్నవాడైపోతాడు. ఈ పల్లెలో పదో తరగతి దాటిన మొదటిదాన్ని నేను. చదివించినందుకు నవ్విన వాళ్లందరికీ ఇప్పుడు సమాధానం దొరికింది.

మునసబు గారిని అడిగి వచ్చాను. చలికాలంలో ఠాణా నుంచి జమేదారు వచ్చి అడిగాడట - సూరాడ సింహాచలం, తండ్రి అప్పన్న, ఈ ఊరేనా అని. ఔనన్నాడట. కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టాడట. "అందులో ఏటి రాసుందో నానేటి సూసినానమ్మా" అన్నాడు.

18 జూన్

కమల వాళ్ల నాన్నకి తెలిసిన ప్లీడరు ఒకాయన ఉన్నారు. నరసింహమూర్తి గారు. కంటోన్మెంటు వైపు ఇల్లు, వరండా నిండా కేసు కాగితాల కట్టలు. కవరులోని కాగితం వెలుతురుకి పట్టుకుని చదివారు.

"కారణం రాయలేదు చూశావా? రాస్తే నిన్ను అడగాల్సొస్తుంది. టెంపరరీ ఉద్యోగం, నెల నోటీసు ఇచ్చి పంపెయ్యొచ్చు. రూలు ప్రకారం సరిగ్గానే ఉంది."

"అయితే నాకేం హక్కు లేదాండీ?"

"ఎందుకు లేదు? మచ్చ వేసి తీసేస్తే అది శిక్ష కిందకి వస్తుంది. శిక్ష వేసే ముందు నేరమేమిటో నీకు చెప్పాలి, నీ మాట వినాలి. రాజ్యాంగంలోనే ఉంది. కాకపోతే, మచ్చ వేశారని మనం చూపించాలి. అది ఆ రిపోర్టులో ఉంది. రిపోర్టు రహస్యం."

నా గురించి రాసిన కాగితం. ఆఫీసరు చదివాడు, గుమాస్తా చదివాడు, దాన్ని మోసిన జవాను కూడా చదివే ఉంటాడు. నేను తప్ప.

24 జూన్

అర్జీ రిజిస్టరు పోస్టులో పంపాను. కారణం చెప్పండి, నా మాట వినండి. ప్లీడరు గారు రాసిన ఇంగ్లీషు. నేనైతే ఇంకా వేడిగా రాసేదాన్ని. "వేడి తగ్గించమ్మా. కాగితం ఎప్పుడూ చల్లగా ఉండాలి" అన్నారు.

5 జూలై, శుక్రవారం

జవాబు. కారణాలు తెలియజేయడానికి వీలుపడదు.

9 జూలై

ఆఖరి రోజు.

బొబ్బిలి నుంచి ఒక పెద్దాయన, కూతురికి మగపిల్లాడు పుట్టాడట, అల్లుడికి చెప్పాలి. లైను మూడుసార్లు తెగింది. మూడుసార్లూ కలిపాను. "నువ్వు సల్లగుండాలి తల్లీ, నీ పేరేటి?" అన్నాడు. పేరు చెప్పకూడదని రూలు. చెప్పాను.

హెడ్‌సెట్ తీసి కొక్కేనికి తగిలించాను. జుట్టులో దాని గీత ఇంకా ఉంది.

12 జూలై

మిగిలిన కాగితాల కోసం ఆఫీసుకి వెళ్లాను. మెట్ల మీద హెడ్ క్లార్కు పట్నాయక్ గారు ఎదురయ్యారు. తొమ్మిది నెలల్లో నాతో ఒక్క ముక్క మాట్లాడని మనిషి. కళ్లజోడు తుడుచుకుంటూ, గోడతో చెబుతున్నట్టుగా -

"కొత్తవలస. సిమెంటు బస్తాల దొంగతనం. మూడు నెలల జైలు. అరవైమూడు."

నేను నిలబడిపోయాను.

"నాకు ఇద్దరు కూతుళ్లున్నారమ్మా" అన్నారు. "నేనేమీ చెప్పలేదు." దిగిపోయారు.

అరవైమూడులో నేను హాస్టల్లో ఉన్నాను. తొమ్మిదో తరగతి. కొత్తవలసని రైలు కిటికీలోంచి తప్ప చూడలేదు.

13 జూలై

ప్లీడరు గారు కుర్చీలోంచి లేచారు. ఇలా లేవడం ఇదే మొదటిసారి.

"జైలు అన్నాడా? జైలంటే కోర్టు. కోర్టంటే తీర్పు. రిపోర్టు రహస్యం గాని తీర్పు రహస్యం కాదమ్మా. ఎవరైనా కారణం చూపించి నకలు అడగొచ్చు."

నకలుకి దరఖాస్తు పెట్టాం. సంవత్సరం తప్ప నంబరు తెలీదు. పాత రిజిస్టర్లు వెతకాలి. వాళ్లకి తీరికైనప్పుడు వెతుకుతారట.

14 జూలై, ఆదివారం

ఇంట్లో కొత్తవలస అనగానే నాన్న చేతిలో వల అల్లే కదురు ఆగింది.

"పెద్దోడు" అన్నాడు.

అమ్మ నాన్న వైపు చూసింది. ఇద్దరికీ ఒకేసారి తట్టినట్టుంది.

పై పాలెంలో నాన్నకి వరసకి అన్న ఒకాయన ఉండేవాడు, ఆయనా అప్పన్నే. మా పల్లెల్లో సగం గడపలు సూరాడ వాళ్లే, గడపకో అప్పన్న. ఆయన కొడుకుని అందరూ పెద్దోడు అనే పిలిచేవారు. కొత్త రైలుదారి వేస్తున్నప్పుడు పనికి వెళ్లి, కంట్రాక్టరు గోదాంలో బస్తాలు పోతే పట్టుబడ్డాడు. జైలు నుంచి వచ్చాక ఊళ్లో ఉండలేదు.

"ఆడి అసలు పేరు సింహాచలమే" అన్నాడు నాన్న. "ఆ పేరుతో ఎవుడూ పిలవనేదు. నాకెలగ గుర్తొస్తాది?"

సింహాద్రి అప్పన్నకి మొక్కుకున్న కడుపున ఆడపిల్ల పుట్టినా సింహాచలమే, మగపిల్లాడు పుట్టినా సింహాచలమే. మా వైపు అంతే. ఠాణా రిజిస్టరులో పేరు దొరికింది, తండ్రి పేరు దొరికింది, ఊరు దగ్గరగా ఉంది. ఆడో మగో అని ఎవరూ అడగలేదు.

1 ఆగస్టు

నకలు రాలేదు.

9 ఆగస్టు

రాలేదు. అమ్మతో ఎండుచేపల గంప పట్టుకుని సంతకి వెళ్లాను. "టెలిఫోన్లో ఊరోల మాటలన్నీ వినీసి సెప్పీసిందట, అందుకే తీసీసినారట" - నా వెనక ఒకామె. తరవాత ఆమే కొనడానికి మా గంప మీదికి వంగితే చూశాను, తెలిసినావిడే. అమ్మ చేపలు అమ్మలేదు ఆవిడకి.

21 ఆగస్టు, బుధవారం

వచ్చింది.

కోర్టు వరండాలో నిలబడే చదివాను. ముద్దాయి సూరాడ సింహాచలం, తండ్రి అప్పన్న, కూలీ, వయసు ఇరవైమూడు, పురుషుడు. ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ.

పురుషుడు అన్న చోట నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగలేదు, ఏడుపైంది. పక్కన బల్ల మీద కూర్చున్న ముసలమ్మ, ఏ కేసు మీద వచ్చిందో, తన కొంగు అందించింది.

22 ఆగస్టు

ఇక అయిపోయిందనుకున్నాను. కాలేదట.

"నువ్వు అతను కాదని తేలింది. వాళ్లు ఒప్పుకోవాలి కదా" అన్నారు ప్లీడరు గారు. "రాసినది తప్పని ఠాణా అంత తేలిగ్గా రాయదు. మునసబు ఒకసారి సంతకం పెట్టినవాడు, మళ్లీ మాట మార్చడు. ఆ మనిషి ఉన్నాడు కదా? ఆ ముద్దాయిని నేనే, ఫలానా చోట ఉంటున్నాను అని వాంగ్మూలం ఇస్తే ఇంక మాట్లాడ్డానికి ఉండదు."

సాలూరులో లారీ షెడ్డులో ఉన్నాడని నాన్న ఎక్కడో విన్నాడు.

25 ఆగస్టు, ఆదివారం

నాన్నా నేనూ వెళ్లాం. సాలూరు నిండా లారీలే. నాలుగు షెడ్లు అడిగితే ఎవరికీ పెద్దోడు తెలీదు, సింహాచలం తెలీదు. ఐదో దాంట్లో లారీ కింద నుంచి రెండు కాళ్లు కనిపించాయి. నాన్న ఆ కాళ్లనే చూస్తూ నిలబడ్డాడు. "ఒరే పెద్దోడా" అన్నాడు.

బయటికి వచ్చాడు. మోచేతి మీద మచ్చ. ముందు సావుకారు గది వైపు చూశాడు, తరవాత నాన్నని.

"సిన్నాన్నా... ఇక్కడ నన్ను రాజు అంటారు" అన్నాడు మెల్లగా.

టీ దుకాణంలో వెనక బల్ల. నేను ఎవరో నాన్న చెప్పాడు. నా పేరు విని నవ్వబోయాడు, తరవాత ఎందుకొచ్చామో విని నవ్వలేదు. తీర్పు చదివి వినిపించమన్నాడు. ఇంగ్లీషుది తెలుగులో చెబుతూ చదివాను. కళ్లు మూసుకుని విన్నాడు.

"బస్తాలు నానొక్కడినే మొయ్యనేదు సెల్లీ. దొరికినోడిని నాను. అది రాసుందేటి అందులో?"

"లేదన్నయ్యా."

"రాయరు."

టీ చల్లారిపోయింది. ఎవరూ తాగలేదు.

"నా పేరు వల్ల నీ ఉజ్జోగం పోయిందన్నమాట" అన్నాడు. "ఏలిముద్ర ఎక్కడ ఎయ్యాలో సెప్పు, ఏస్తాను. ఒక్కటే. సాలూరని రాయకు. మా సావుకారుకి తెలీదు. టైర్లు, ఇంజను సామాన్లు అన్నీ నా సేతిలో ఎట్టినాడు. జైలుకెల్లొచ్చినోడని తెలిస్తే ఒక్క పూట ఉంచడు. నాకు పెల్లాం ఉన్నాది, పిల్ల ఉన్నాది."

తెల్ల కాగితం మీద బొటనవేలు ఒత్తాడు. ఇంకు పెట్టె అక్కర్లేకపోయింది, వేలికి ఉన్న మడ్డి చాలింది.

బస్సులో నాన్న అన్నాడు - "ఖాళీ కాగితం మీద ఏలిముద్ర ఏసీసినాడే. మనం ఏటి రాసుకున్నా ఆడు అడగడు."

2 సెప్టెంబరు, సోమవారం

వేలిముద్ర కాగితం ప్లీడరు గారికి ఇవ్వలేదు. చిరునామా లేని వాంగ్మూలం దేనికీ పనికిరాదన్నారు. చిరునామా ఇవ్వనన్నాను.

"నీ కేసు నువ్వే చెడగొట్టుకుంటావా?"

"తీర్పులో పురుషుడని ఉంది కదండీ. అరవైమూడులో నేను బళ్లో ఉన్నట్టు హెడ్‌మిస్ట్రెస్ గారి సర్టిఫికెట్టు ఉంది. నేను నేనేనని చెప్పుకోడానికి ఇంకో మనిషిని పట్టివ్వాలాండీ?"

ఆయన కలం తీశారు. "మనం చెప్పకపోయినా వాళ్లు వెతుకుతారమ్మా. తెలిసే చేస్తున్నావా?" అన్నారు.

తెలుసు అన్నాను.

తెలుసా? వెతకరేమో అనుకున్నాను. ఇక్కడ అబద్ధం రాయడం ఎందుకు - వెతకకూడదని కోరుకుంటూనే, అర్జీ పంపమన్నాను.

28 సెప్టెంబరు

ఏమీ లేదు. వానలు. తెప్పలు ఒడ్డునే ఉన్నాయి. నాన్న ఇంట్లో, నేను ఇంట్లో. మా ఇద్దరి మధ్యా అమ్మ, వేసిన అడుగే వేస్తూ.

17 అక్టోబరు, గురువారం

జమేదారు మా పల్లెకి వచ్చాడు. చలికాలంలో వచ్చినవాడు కాదు, వేరే ఆయన. నన్ను ఎదురుగా నిలబెట్టి ఫారం చూసుకున్నాడు, నన్ను చూశాడు. "నువ్వేనా సింహాచలం?" అన్నాడు. ఔనన్నాను. తల గోక్కున్నాడు. మంచినీళ్లడిగి తాగాడు.

వెళ్తూ నాన్నని అడిగాడు - రెండో సింహాచలం ఎక్కడున్నాడని.

నాన్న "తెలీదు బాబూ" అన్నాడు. నాన్నకి అబద్ధం చెప్పడం చేతకాదు. సముద్రం వైపు చూస్తూ చెప్పాడు.

28 అక్టోబరు, సోమవారం

ఆర్డరు.

నవంబరు మొదటి వారంలో చేరమన్నారు. కొత్త నియామకం. పాత తొమ్మిది నెలలు లెక్కలోకి రావు. పొరపాటు అన్న మాట ఎక్కడా లేదు. చింతిస్తున్నాం అన్న మాట అసలే లేదు. ఆ రిపోర్టు ఇప్పటికీ నేను చూడలేదు.

అమ్మ పక్కింటికి పరిగెత్తింది, ఎదురింటికి పరిగెత్తింది. "నా కూతురు దొంగ కాదని సర్కారోలే రాసి పంపినారు" అని. అలా రాయలేదమ్మా అని చెప్పలేకపోయాను.

ప్లీడరు గారికి వంజరం చేప పట్టుకెళ్లాను. బ్రాహ్మణులని గుమ్మం దాకా వెళ్లాక గుర్తొచ్చింది. ఆయన నవ్విన నవ్వుకి వరండాలో కట్టలు పడతాయనుకున్నాను. చేప కమల వండింది. ఇద్దరం తిన్నాం. జూన్ తరవాత నేను ఆకలేసి తిన్న మొదటి అన్నం.

30 అక్టోబరు, బుధవారం

సామాన్లు సర్దుకోడానికి ఇంటికి వస్తే, అరుగు మీద పెద్దోడు.

పక్కన రేకు పెట్టె, భార్య, రెండేళ్ల పాప. పాప అమ్మ ఎండబెట్టిన నెత్తళ్లతో ఆడుకుంటోంది.

శనివారం పోలీసులు షెడ్డుకి వచ్చి, అందరి ముందూ, కొత్తవలస కేసు సింహాచలం ఎవడ్రా అన్నారట. సావుకారు ఏమీ అడగలేదట. తాళాల గుత్తి ఇచ్చెయ్యమన్నాడట, అంతే.

లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చాను.

"నువ్వు రాయనేదని నాకు తెలుసు సెల్లీ" అన్నాడు. "పోలీసోలు ఎతకాలనుకుంటే ఎతక్కుండా ఉంటారేటి?"

అతని భార్య మాత్రం నన్ను చూడలేదు. నేనిచ్చిన మంచినీళ్లు పక్కన పెట్టింది.

నాన్న అతన్ని తెప్ప మీదికి తీసుకెళ్తానన్నాడు. ఇంజన్లు బాగుచేసే చేతులు. ఐదేళ్లుగా సముద్రం ఎక్కలేదు.

31 అక్టోబరు

ప్లీడరు గారి దగ్గరికి మళ్లీ వెళ్లాను. నా కోసం కాదు.

శిక్ష అనుభవించి వచ్చాడు కదా, అయిదేళ్లు ఒక్క మేకు కూడా పోకుండా చూశాడు కదా, ఏ చట్టం కింద తీసేశాడు సావుకారు? ఇతని మాట వినక్కర్లేదా?

"నీ విషయంలో రాసింది తప్పు, దిద్దించాం. అతని విషయంలో రాసింది నిజం. నిజాన్ని దిద్దించే సెక్షను నా దగ్గర లేదమ్మా" అన్నారు. "పైగా అది సర్కారు నౌకరీ కాదు. సావుకారు ఇష్టం."

నాలుగు నెలలు నేను అడిగినదంతా ఒక్కటే. ఆ దొంగ నేను కాదు, ఆ దొంగ నేను కాదు. అతనేం చెప్పుకోవాలి?

2 నవంబరు, శనివారం

సోమవారం డ్యూటీలో చేరాలి. జడ అల్లుకుని చూసుకున్నాను, హెడ్‌సెట్ ఎక్కడ కూర్చుంటుందో.

రేపు సాలూరు వెళ్దామనుకుంటున్నాను, ఆ సావుకారు దగ్గరికి. కమల వద్దంటోంది. "నీకెందుకే, చేరే ముందు మళ్లీ గొడవ. ఆడపిల్లవి షెడ్డుకెళ్లి ఏమని అడుగుతావ్?"

ఏమని అడగాలో నాకూ తెలీదు. అతను మంచివాడనా? ఒక్కసారి టీ దుకాణంలో చూశాను, ఒకసారి మా అరుగు మీద. దొంగతనం చెయ్యలేదనా? చేశాడు. నా వల్లే మీకు తెలిసింది, నన్ను చూసి మరిచిపొండి అనా? మరిచిపోతాడా ఎవరైనా?

ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. "అయ్యా, నా పేరు సూరాడ సింహాచలం" అని మొదలుపెట్టి, ఆపేశాను.

సాలూరు బస్సు పొద్దున్న ఏడింటికి.